మననానికి కాస్త నడక

తెల్లవారుజామున ఏ పార్కుకి వెళ్ళినా, ఏ చెరువు గట్టున చూసినా ఇప్పుడు నడిచేవాళ్ళకి కొదవ లేదు. షుగరు వచ్చిందనో, బీపీ పెరిగిందనో, మనసు స్థిమితంగా ఉండటం లేదనో డాక్టరు చెప్పగానే బూట్లు కొనుక్కుని బయల్దేరుతున్నారు. మంచిదే. అయితే వాళ్ళలో చాలామంది చెవుల్లో ఇయర్‌ఫోన్లుంటాయి, చేతిలో ఫోనుంటుంది. కొందరు వార్తలు వింటారు, కొందరు పాటలు వింటారు, మరికొందరు ప్రవచనాలు వింటారు. ఈ మూడో రకం వాళ్ళ గురించే ఇక్కడ ఎక్కువగా మాట్లాడాలి. భాగవతమో భగవద్గీతో చెవిన పడుతుండగా నాలుగు కిలోమీటర్లు నడిస్తే ఒళ్ళు బాగుపడుతుంది, పుణ్యమూ దక్కుతుందన్నది వాళ్ళ లెక్క. ఆ లెక్కలో ఒక మెట్టు దాటిపోయారని నా వాదన. యాజ్ఞవల్క్యుడు ఇల్లు వదిలి వెళ్ళబోతూ భార్య మైత్రేయికి చేసిన బోధ బృహదారణ్యకోపనిషత్తులో ఉంది. ఆత్మను చూడాలంటే వినాలి, విన్నదాన్ని ఆలోచించాలి, ఆలోచించి తేల్చుకున్నదానిలో మనసు నిలపాలి అని అక్కడ వరస చెప్పాడు. శ్రవణం, మననం, నిదిధ్యాసనం అని వేదాంతులు చెప్పేది ఈ వరసనే. శ్రవణానికి మన కాలంలో లోటు లేదు, ఇరవై నాలుగు గంటలూ జేబులోనే ఉంది. నిదిధ్యాసనం పేరుతో కాకపోయినా ధ్యానం పేరుతో ఊరికో కేంద్రం ఉంది. నడిమి దానికే రోజులో చోటు లేకుండా పోయింది. ఫోనూ ఇయర్‌ఫోన్లూ ఏవీ వెంట లేని నడక ఆ చోటుని తిరిగి ఇవ్వగలదు. నడిచాక మనసు తేలికపడిందని జనం చెప్పే అనుభవం కూడా చాలామటుకు ఆ మననం వల్ల వచ్చేదేనని నేననుకుంటున్నాను.

మననం అంటే ఊరికే తలచుకోవడం కాదు. వేదాంతంలో దానికి ఒక నిర్దిష్టమైన పని ఉంది. విన్న మాటకు ఆధారమేమిటన్న సందేహాన్ని శ్రవణం తీరుస్తుంది. ఆ మాట అసలు నిజమయ్యే వీలుందా, నా అనుభవానికీ బుద్ధికీ పొసుగుతుందా అన్న సందేహాన్ని మననం తీరుస్తుంది. తెలిసినా వదలని పాత అలవాటును నిదిధ్యాసనం కరిగిస్తుంది. అంటే మననం లేకుండా ఎంత విన్నా అది పరాయి మాటగానే ఉండిపోతుంది. ఈ విభజన ఆత్మజ్ఞానం కోసం చేసింది, నిజమే. కానీ మామూలు బతుక్కి కూడా ఇది అచ్చంగా సరిపోతుంది. ఆఫీసు గ్రూపులో పై అధికారి పెట్టిన ఒక ముక్తసరి మెసేజి, పిల్లాడి మార్కుల జాబితా, అమ్మ రక్తపరీక్ష రిపోర్టు, తోబుట్టువుల మధ్య పొలం మాట, వీటి మధ్యలో ఎక్కడో యుద్ధం వార్త. ఇవన్నీ పొద్దున్న లేచిన గంటలోపే మన లోపలికి వచ్చి పడతాయి. ఏ ఒక్కదాన్నీ తూచి చూసుకునే వ్యవధి ఉండదు, ఈలోగా ఇంకొకటి వస్తుంది. మేత మేసిన ఆవు నీడపట్టున పడుకుని నెమరు వేసుకోకపోతే దానికి కడుపు ఉబ్బుతుంది. మనం ఒత్తిడి అనే దానిలో పనిభారం పాలు కొంత ఉంటే, ఇలా నెమరుకు రాని సంగతుల పాలు అంతకంటే ఎక్కువే ఉంటుంది. అలాంటి మనసుకి విశ్రాంతి పేరుతో ఇంకో గంట ప్రసంగం వినిపించడం, అది ఎంత పవిత్రమైన ప్రసంగమైనా, మేత మీద మేత వెయ్యడమే.

మననానికి నడకే ఎందుకు, కుర్చీలో కూర్చుని ఆలోచించుకోవచ్చు కదా అని అడగవచ్చు. కూర్చోగలిగినవాళ్ళు కూర్చోవచ్చు. కానీ మనసును పట్టడం గాలిని పట్టడంలాంటిదని అర్జునుడంతటివాడు గీత ఆరో అధ్యాయంలో మొర పెట్టుకున్నాడు. ఒళ్ళు కదలకుండా ఉంటే మనసు మరీ చెలరేగుతుందన్నది ధ్యానానికి కూర్చున్న ప్రతివాళ్ళకీ తెలిసిన సంగతే. ఈ ఇబ్బందిని బౌద్ధులు ముందే గుర్తించి దారి వేశారు. చంక్రమణం అనే పేరుతో, ఒక కొలత దూరం అటూ ఇటూ నెమ్మదిగా నడవడాన్ని భిక్షువుల దినచర్యలో పెట్టారు. అంగుత్తర నికాయంలోని ఐదుల భాగంలో దానికి ఐదు ప్రయోజనాలు చెప్పారు. దూర ప్రయాణాలకు ఓర్పు వస్తుంది, సాధనకు ఓపిక వస్తుంది, రోగాలు తగ్గుతాయి, తిన్నది అరుగుతుంది, నడకలో కుదిరిన ఏకాగ్రత చాలాసేపు నిలుస్తుంది. ఈ జాబితాలో నాకు నచ్చేది అరుగుదలనూ ఏకాగ్రతనూ పక్కపక్కనే పెట్టడానికి ఆ పెద్దలు మొహమాటపడకపోవడం. బుద్ధుడు జ్ఞానోదయమైన తర్వాత మూడో వారమంతా అలా నడిచాడని సంప్రదాయం. బోధ్‌గయలో మహాబోధి ఆలయానికి ఉత్తరాన రాతి పద్మాలు చెక్కిన పొడుగాటి వేదిక ఆ నడకకు గుర్తుగా ఇప్పటికీ ఉంది. అంతటి జ్ఞానం కలిగాక కూడా దాన్ని తనలో ఇముడ్చుకోవడానికి నడక కావలసి వచ్చిందని ఆ సంప్రదాయం అనుకుందన్నమాట. ఈ కాలపు పరీక్షలు కూడా ఈ వైపే చూపిస్తున్నాయి. స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఒపెజో, ష్వార్ట్జ్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, ఒక మామూలు వస్తువుకు కొత్త ఉపయోగాలు చెప్పమంటే కూర్చున్నప్పటికంటే నడుస్తున్నప్పుడు జనానికి ఎక్కువ ఆలోచనలు తట్టాయి. ఖాళీ గోడకు ఎదురుగా ట్రెడ్‌మిల్ మీద నడిచినా అదే ఫలితం వచ్చింది. ఒకే ఒక్క సరైన జవాబు ఉండే ప్రశ్నల్లో మాత్రం నడక సాయపడలేదు. మన చిక్కుల్లో ఎక్కువ భాగం ఒకే జవాబు ఉన్న లెక్కలు కావు కాబట్టి ఈ తేడాను గుర్తుపెట్టుకోవాలి.

ఇక ఫోను సంగతి. జేబులో ఉంటే ఏమిటి, చూడకపోతే సరి కదా అంటారు. టెక్సస్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2017లో ప్రచురించిన ఒక అధ్యయనంలో ఫోన్లను మూగబెట్టి, కొందరివి బల్ల మీద బోర్లా పెట్టించారు, కొందరివి జేబులోనో సంచిలోనో ఉంచారు, కొందరివి పక్క గదిలో పెట్టించారు. పక్క గదిలో పెట్టినవాళ్ళకే జ్ఞాపకశక్తి, తర్కం పరీక్షల్లో మంచి మార్కులు వచ్చాయి. తర్వాత ఇంకొందరు చేసి చూసినప్పుడు అన్నిచోట్లా అదే ఫలితం రాలేదు కాబట్టి దీన్ని వేదవాక్కుగా పట్టుకోను. కానీ కారణం ఊహించడం కష్టం కాదు. ఫోను మోగకపోయినా మోగవచ్చునన్న ఎదురుచూపు ఉంటుంది. తొడ దగ్గర ఏదో వణికినట్టనిపించి చెయ్యి జేబులోకి పోతుంది, తీసి చూస్తే ఏమీ ఉండదు. ఎవరైనా ఎప్పుడైనా పిలవవచ్చు అనే స్థితిలో ఉన్న మనిషి సగం కాపలా కాస్తూనే ఉంటాడు. మననానికి కావలసింది మనిషి మొత్తం. అందుకే ఫోనును సైలెంటులో పెట్టడానికీ ఇంట్లో వదిలి రావడానికీ మధ్య పైకి కనిపించేదానికంటే పెద్ద తేడా ఉంది. మిషిగన్ విశ్వవిద్యాలయంలో 2008లో వచ్చిన ఇంకో అధ్యయనం దీనికి తోడు. సుమారు 50 నిమిషాలు చెట్లతోటలో నడిచి వచ్చినవాళ్ళు అంకెలను వెనక నుంచి ముందుకు అప్పజెప్పే పరీక్షలో మెరుగయ్యారు, ఊరి నడిబొడ్డున నడిచినవాళ్ళు అంతగా కాలేదు. అందులో విశేషమేమిటంటే, గడ్డకట్టే చలిలో నడిచి ఏమాత్రం సంతోషించనివాళ్ళకి కూడా ఆ మేలు జరిగింది. అరుణాచల ప్రదక్షిణం గురించి రమణ మహర్షి చెప్పినట్టు ఆశ్రమ గ్రంథాల్లో ఒక మాట ఉంది. నమ్మకం ఉన్నా లేకపోయినా ఆ గిరి చుట్టూ తిరిగితే ఫలితం తప్పదని దాని సారాంశం. మహర్షి ఉద్దేశం వేరే స్థాయిది, దాన్ని ప్రయోగశాల స్థాయికి దించను. కాని నడక ముందు మనసు ఎలా ఉందన్నది పట్టించుకోకుండా నడవమనడంలో మహర్షికీ ఆ అధ్యయనానికీ పొత్తు కుదిరింది.

ఇప్పుడు అసలైన ఆక్షేపణ. భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పిన తొమ్మిది భక్తి మార్గాల్లో మొదటిదే శ్రవణం. హరికథ వింటూ నడవడం తప్పని ఎలా అంటావు? అలిపిరి నుంచి తిరుమలకు 3,550 మెట్లు ఎక్కే జనం గోవిందా గోవిందా అంటూనే కదా ఎక్కుతారు, అక్కడ చెవి ఖాళీగా ఉందా అని అడగవచ్చు. ఈ ప్రశ్నను తేలిగ్గా తీసెయ్యకూడదు. దీనికి జవాబు ఆ మెట్ల మీదే ఉంది. గోవింద నామం నడిచేవాడి గొంతులోంచి, వాడి ఊపిరితోనే వస్తుంది. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసం ముంచుకొస్తే నామం కూడా నెమ్మదిస్తుంది, చదును చోటు రాగానే మళ్ళీ అందుకుంటుంది. అది లోపలి నుంచి పుట్టే కీర్తనం, ఒంటి స్థితి దానికి తాళం. చెవిలో పోసే ప్రసంగం నా కాళ్ళు తడబడినా ఆగదు, నాకు ఒక మాట దగ్గర సందేహం వచ్చినా నిలవదు. మెట్లపూజ చేసే ఆడవాళ్ళను గమనించండి. ఒక్కో మెట్టు దగ్గర వంగి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, మీది మెట్టుకు వెళతారు. వేలి కొసలు పసుపుతో ముద్దగా ఉంటాయి, నడుం నొప్పి పుడుతుంది, చేతిలో పసుపు గిన్నెకు తప్ప మరి దేనికీ చోటుండదు. ఆ చేతులతో ఫోను పట్టుకోవడం కుదరదు. మొక్కు పద్ధతిలోనే ఏకాగ్రతను ఇమిడ్చిపెట్టారు. అదే దారిలో ఇంకొకరు ప్రతి మలుపు దగ్గరా సెల్ఫీ దిగి, ప్రతి సెల్ఫీకి ఎన్ని లైకులు వచ్చాయో మండపంలో కూర్చుని చూసుకుంటారు. ఇద్దరూ ఎక్కింది ఒకే కొండ. పైన ఆలయంలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు, కౌంటరులో ఇచ్చి వెళ్ళాలి. చాలామందికి అది భద్రత కోసం పెట్టిన నిబంధనగా మాత్రమే తోస్తుంది. దాన్ని అలిపిరి దగ్గరే మొదలయ్యే నియమంగా పాటిస్తే మొక్కుకు నిండుదనం వస్తుందని నేనంటాను. శ్రవణం గొప్పదే. విన్న కథలో ప్రహ్లాదుడి ధైర్యం నా పిరికితనానికి ఏం చెబుతుందో ఆలోచించుకోవడానికి నడక వాడుకుంటే శ్రవణానికి చేసిన గౌరవం అవుతుంది. వినడం ఇంట్లో, ఆలోచించడం దారిలో.

లెక్కపెట్టడం గురించి కూడా ఇలాంటి ప్రశ్నే వస్తుంది. జపమాలలో 108 పూసలు లెక్కపెట్టగా లేనిది, ఫోనులో 10,000 అడుగులు లెక్కపెడితే నేరమా? 10,000 అనే అంకె ఎక్కడిదో ముందు చూద్దాం. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడాది, 1965లో, జపానులో ఒక కంపెనీ మాన్‌పో-కే అనే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. ఆ పేరులోనే పదివేలు ఉంది. వైద్యులు తేల్చి చెప్పిన కొలతగా కాకుండా సరుకు పేరుగా అది లోకమంతా పాకింది. అడుగులు లెక్కపెట్టుకోవడం ఒంటికి మేలు చేయవచ్చు, బద్ధకస్తుణ్ణి లేపవచ్చు, దాన్ని నేను కాదనను. జపమాల తీరు మాత్రం వేరు. అక్కడ లెక్క వేళ్ళకు అప్పగించి మనసును విడిపిస్తారు. మేరుపూస దాటకుండా వెనక్కి తిరగమన్నారంటే, అంకెను పెంచుకుంటూ పోయే యావకు అక్కడ అడ్డుకట్ట వేశారని నాకు తోస్తుంది. మీటరులో అంకె పని వేరు. అది చూడమంటుంది, నిన్నటితో పోల్చమంటుంది, బావమరిది అంకెతో పోల్చమంటుంది. నడక ముగిసేసరికి మనిషి దగ్గర ఇంకో పరీక్ష ఫలితం మిగులుతుంది. ఫలితం మీద అధికారం లేదన్న గీతావాక్యాన్ని నడకకు వర్తింపజేసేవాళ్ళు అరుదు. ఒత్తిడి తగ్గిందా లేదా అని ప్రతి మలుపులో మనసును తడిమి చూసుకోవడం కూడా ఒక రకం మీటరే. అందుకనే ఒత్తిడి తగ్గించుకోవడం కోసమే నడిచేవాడికి అది అంతగా తగ్గదేమోనని అనుమానం.

అన్నింటికంటే బరువైన అభ్యంతరం ఇది. ఫోను తీసేస్తే మనసు మననమే చేస్తుందని హామీ ఏమిటి? పాత అవమానాలు తవ్వుకుంటుంది, రేపటి అప్పులు లెక్కపెట్టుకుంటుంది, ఉన్న బాధ రెట్టింపవుతుంది. నిజానికి జనం ఫోను పట్టుకునేది ఈ భయంతోనే. 2014లో వర్జీనియా విశ్వవిద్యాలయం పరిశోధకులు మనుషుల్ని 15 నిమిషాలు ఒక గదిలో ఏ పనీ లేకుండా ఒంటరిగా కూర్చోబెట్టారు. పక్కన ఒక మీట ఉంది, నొక్కితే చిన్నగా కరెంటు షాకు కొడుతుంది. ఆ షాకు తప్పించుకోవడానికి డబ్బైనా ఇస్తామని ముందు చెప్పినవాళ్ళలోనే 18 మంది మగవాళ్ళలో 12 మంది, 24 మంది ఆడవాళ్ళలో ఆరుగురు ఆ పావుగంటలో కనీసం ఒక్కసారైనా తమకు తామే షాకు ఇచ్చుకున్నారు. తన ఆలోచనలతో తాను ఉండటం మనిషికి ఎంత కష్టమో చెప్పడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. అయితే వాళ్ళు గదిలో కూర్చున్నారు, నడవలేదు. 2015లో స్టాన్‌ఫర్డ్‌లో బ్రాట్‌మన్ బృందం 38 మందిని 90 నిమిషాలు నడిపించింది. కొందరు గడ్డిమైదానాల మధ్య నడిచారు, కొందరు రద్దీ రోడ్డు పక్కన. పచ్చటి చోట నడిచినవాళ్ళలో తమ గురించి తామే దిగులుపడుతూ తిరిగిన చోటే తిరిగే ఆలోచన తగ్గింది, దానికి సంబంధించిన మెదడు భాగంలో చురుకుదనం కూడా తగ్గింది. రోడ్డు పక్కన నడిచినవాళ్ళలో అలా జరగలేదు. మనుషుల సంఖ్య తక్కువ, ఒక్కరోజు ఫలితం, ఇవి ఒప్పుకోవాలి. అయినా చింతకూ మననానికీ తేడా ఇక్కడ కొంత పట్టుబడుతుంది. చింత ఒకే చోట గిరికీలు కొడుతుంది. మననం ఒక ప్రశ్నతో మొదలై ఎక్కడో ఒక చోట తేలుతుంది, తేలకపోతే తేలలేదని గుర్తిస్తుంది. ముందుకు సాగే కాళ్ళు, కదిలిపోయే చెట్లు, ఎదురొచ్చే గాలి మనసును ఆ గిరికీలోంచి బయటికి లాగడానికి సాయపడతాయి. ఫోను వదలగానే ఇదంతా తనంతట జరిగిపోదు. ఇల్లలకగానే పండగ కాదు. అర్జునుడి మొరకు కృష్ణుడిచ్చిన జవాబు కూడా అభ్యాసం, వైరాగ్యం అనే రెండు మాటలే. మొదటి రోజులు చికాగ్గానే గడుస్తాయి. ఒక ప్రశ్నను మాత్రం ఎంచుకుని బయల్దేరడం, అది జారిపోయినప్పుడల్లా కసురుకోకుండా తిరిగి దానివైపు తిప్పుకోవడం, ఇదే అభ్యాసం. నిద్ర పట్టనంత, బతుకు మీద ఆశ పోయేంత దిగులులో ఉన్నవాళ్ళ సంగతి వేరు. వాళ్ళను ఒంటరిగా నడవమనడం తప్పు, వాళ్ళకు పక్కన మనిషీ కావాలి, వైద్యుడూ కావాలి.

పచ్చటి చోటు ఎక్కడుంది అనేవాళ్ళ కష్టం నిజమైనదే. విశాఖలో తెల్లవారుజామున బీచ్ రోడ్డు మీద కాసేపు వాహనాలను ఆపేస్తారు, హైదరాబాదులో కేబీఆర్ పార్కు ఉంది, కానీ ఆ రెంటికీ దూరంగా ఉండేవాళ్ళే ఎక్కువ. పల్లెల్లో కాలవ గట్లూ పొలం గట్లూ ఉన్నాయి, పట్టణాల్లో పేటలకు ఫుట్‌పాత్ కూడా లేదు. ఒంటరిగా నడిచే ఆడవాళ్ళకు ఫోను ఒక రక్షణ, దాన్ని వదలమని చెప్పే అర్హత ఎవరికీ లేదు. ఆఫ్ చేసి సంచి అడుగున పెట్టుకోవచ్చు, తోడుగా ఇంకొకరిని పిలుచుకోవచ్చు, కాలనీ లోపలే తిరగవచ్చు. మాట్లాడుకుంటూ నడిచినా మననం చెడదు, ఎందుకంటే మైత్రేయి కూడా అడుగుతూనే తెలుసుకుంది.

చివరిదైన అభ్యంతరం నైతికమైనది. నడక కొందరికి విలాసం, చాలామందికి గతిలేనితనం. 2020 లాక్‌డౌనులో వందల కిలోమీటర్లు నడిచి సొంతూళ్ళకు చేరిన వలస కూలీలకు నడకలోని తత్త్వం గురించి చెప్పడం క్రూరత్వమే అవుతుంది. ఇష్టంతో నడిచే నడకకే ఈ వ్యాసంలోని వాదన వర్తిస్తుంది, అది ముందే చెప్పాలి. కానీ ఇలాంటి నడక లోకం నుంచి పారిపోవడమన్న నింద నిలవదు. 1951 ఏప్రిల్‌లో వినోబా భావే హైదరాబాదు దగ్గర శివరాంపల్లిలో జరిగిన సర్వోదయ సమ్మేళనానికి వార్ధా వైపు నుంచి కాలినడకనే వచ్చాడు. తిరుగు ప్రయాణం అశాంతితో ఉన్న నల్లగొండ పల్లెల మీదుగా పెట్టుకున్నాడు. 18వ తేదీన పోచంపల్లిలో దళితులు 80 ఎకరాలు అడగడం, అక్కడికక్కడే వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తాననడం, దాంట్లోంచి భూదానం పుట్టడం తెలిసిన కథే. భూదానం చివరికి ఎంత నెరవేరిందన్న చర్చ వేరు. కారులో వచ్చి కారులో పోయే నాయకుడికి ఆ ఊరూ ఆ ప్రశ్నా అలా ఎదురుపడేవి కావు. ఇప్పుడు నాకు ఇబ్బంది కలిగించే ప్రశ్న మరొకటి. డెలివరీ కుర్రాడి ప్రతి మలుపునూ ఫోనే నడిపిస్తుంది, దాన్ని ఆపితే ఆ పూట సంపాదన పోతుంది. కాల్‌సెంటరు ఉద్యోగికీ, ఆసుపత్రిలో జూనియర్ డాక్టరుకూ పిలుపు ఎప్పుడొస్తుందో తెలియదు. ఫ్రాన్సులో 2017 జనవరి నుంచి, పని గంటల తర్వాత ఉద్యోగి అందుబాటులో లేకుండా ఉండే హక్కు గురించి పెద్ద కంపెనీలు ఉద్యోగులతో చర్చించి తీరాలని చట్టం ఉంది. మన లోక్‌సభలో 2018లో అలాంటిదే ఒక ప్రైవేటు మెంబరు బిల్లుగా వచ్చింది, చట్టం కాలేదు. ఇది కార్మిక సంఘాలు చూసుకోవలసిన విషయమని పీఠాలూ ఆశ్రమాలూ పక్కన పెట్టడానికి వీల్లేదు. శ్రవణ మననాల గురించి చెప్పేవాళ్ళు మననానికి కావలసిన గంట ఎవరి చేతిలో ఉందో కూడా అడగాలి. అడగనంతకాలం ఈ నడక మంచి జీతాలూ ఖాళీ ఉదయాలూ ఉన్నవాళ్ళకే దక్కుతుంది.